‘సర్వర్ లేదు’ అన్న మాటకు ఆరు అర్థాలు

మచిలీపట్నం: ‘‘సర్వర్ లేదు బాబాయ్, రేపు రండి.’’ బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో మీసేవ కేంద్రం మెట్లెక్కినవారికి, గ్రామ సచివాలయంలో వరుసలో నిలబడినవారికి ఈ మాట కొత్త కాదు. సర్వర్ మొరాయించిందని పత్రికలు రాయడం, రెండు రోజులకు అది కోలుకోవడం, అందరూ మరచిపోవడం సైతం పరిపాటిగా మారింది. అయితే ఆ సమయాన కంప్యూటర్ తెరపై కనిపించినదేమిటి, కనిపించకుండా దాచినదేమిటి, ఆ దాపరికం వల్ల ఎవరికి మేలు జరిగింది అన్న ప్రశ్న మాత్రం ఎన్నడూ చర్చకు రావడం లేదు.

వెబ్‌సైట్‌లో లోపం తలెత్తినపుడు సాంకేతిక వివరాలను సందర్శకుల కంట పడనీయరాదన్నది భద్రతా నిపుణులంతా అంగీకరించే సూత్రం. దానిని కాదనడానికి లేదు. కానీ యంత్రం లోపలి వివరాన్ని దాచడం వేరు, పని ఎందుకు ఆగిందన్న సంగతిని దాచడం వేరు. మొదటిది చేయవలసిన చోట రెండోది జరిగితే నష్టపోయేది కౌంటరుకు ఇవతలి వ్యక్తి. లోపాలను ఎలా కప్పిపెట్టాలన్న విషయం పైకి ఇంజినీర్ల వ్యవహారంగా కనిపించినా, అడంగల్ కోసం కూలి మానుకుని వచ్చిన రైతుకూ దానితో సంబంధం ఉన్నది అందుకే.

తెరపై పడే గుట్టు

వెబ్‌సైట్ వెనుక నడిచే ప్రోగ్రాం ఎక్కడైనా తడబడితే, దానిని రాసిన ఇంజినీరుకు తప్పు ఎక్కడుందో చెప్పడానికి ఒక సుదీర్ఘ సందేశాన్ని తయారు చేస్తుంది. ఏ ఫైలు, అది సర్వర్‌లో ఏ ఫోల్డరులో ఉంది, ఎన్నో వరుసలో తప్పు జరిగింది, డేటాబేస్‌లోని పట్టిక పేరేమిటి, వాడుతున్న సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్ వంటి వివరాలు అందులో ఉంటాయి. కొన్ని సందర్భాల్లో డేటాబేస్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ సైతం దొర్లిపోతాయి. తయారీ దశలో ఈ సందేశం ఇంజినీరుకు దారి చూపే దీపం. సైటు ప్రజల ముందుకు వచ్చాక కూడా అదే తెరపై పడితే దొంగకు వెలుగు చూపినట్లే. ఇంటి గుట్టు లంకకు చేటన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

2000 దశకంలో నెట్ సెంటర్లలో గంటల తరబడి కూర్చున్న తరానికి ‘సర్వర్ ఎర్రర్ ఇన్ అప్లికేషన్’ అంటూ ఎర్ర అక్షరాల శీర్షిక, దాని కింద లేత పసుపు రంగు పెట్టె, అందులో అర్థం కాని ఇంగ్లిష్ వరుసలు గుర్తుండే ఉంటాయి. మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్ సాఫ్ట్‌వేర్‌తో నిర్మించిన సైట్లలో కనిపించే పేజీ అది. చూసేవారికి విసుగు తప్ప మరేమీ మిగలకపోయినా, చదవడం వచ్చినవాడికి అదొక పటం. వెబ్ భద్రతపై పనిచేసే ఓవాస్ప్ అనే అంతర్జాతీయ సంస్థ 2004లో ప్రకటించిన పది ప్రధాన లోపాల జాబితాలో దోష సందేశాల నిర్వహణ ఒకటిగా చేరింది. 2007 జాబితాలోనూ దానికి చోటు దక్కింది.

ఈ భయం ఊహాజనితం కాదనడానికి 2010 సెప్టెంబరు నాటి ఉదంతమే నిదర్శనం. ఇది పుస్తకాల్లోని సిద్ధాంతం కాదు. జూలియానో రిజో, థాయ్ డువాంగ్ అనే ఇద్దరు పరిశోధకులు అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో జరిగిన సదస్సులో, డాట్‌నెట్ సైట్లు ఇచ్చే దోష సందేశాల మధ్య గల చిన్న తేడాల ఆధారంగానే రహస్య సమాచారాన్ని ఛేదించవచ్చని ప్రదర్శించి చూపారు. సర్వర్ ఒక ప్రశ్నకు ఒక రకం తప్పు, మరో ప్రశ్నకు మరో రకం తప్పు చెబుతుంది. వేలసార్లు అడిగి, వచ్చిన సమాధానాలను పోల్చుకుంటూ పోతే తాళం గుర్తు దొరికిపోతుంది. సెప్టెంబరు 28న మరమ్మతు విడుదల చేసే వరకు మైక్రోసాఫ్ట్ ఇచ్చిన తాత్కాలిక సలహాల్లో ఒకటి: ఏ తప్పు జరిగినా బయటివారికి ఒకే పేజీ చూపండి.

2015లో పేట్రియాన్ అనే అమెరికా సంస్థ సైటు నుంచి సుమారు 23 లక్షల మంది ఈ-మెయిల్ చిరునామాలు బయటపడ్డాయి. ఇంజినీర్లు తప్పులు వెతుక్కోవడానికి వాడే పరికరాన్ని ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న పరీక్షా సర్వర్‌పై వదిలివేయడమే దానికి దారితీసిందని తేలింది. మన రాష్ట్రంలో 2018 ఏప్రిల్‌లో గృహనిర్మాణ సంస్థ సైటులో లక్షకు పైగా లబ్ధిదారుల ఆధార్ వివరాలు బహిర్గతం కావడం పాఠకులకు విదితమే. అది దోష సందేశం వల్ల జరిగినది కాకపోయినా, ప్రభుత్వ సైట్ల తలుపుల వెనుక ఏముందో అది తెలియజెప్పింది. ఆధార్, బ్యాంకు ఖాతా, భూమి సర్వే నంబరు, ఫోన్ నంబరు అన్నీ ఒకే చోట ఉన్న కాలంలో దాచవలసింది దాచడంలో ఏమాత్రం అలసత్వం తగదు.

ఆరు కారణాలు, ఒకటే జవాబు

ఇంతవరకు పేచీ లేదు. చిక్కంతా దాచిన తర్వాత తెరపై ఏమి మిగిలిందన్న దగ్గరే వస్తోంది. ‘సాంకేతిక లోపం తలెత్తింది, దయచేసి కొంతసేపటి తర్వాత ప్రయత్నించండి’ అన్న వాక్యం, అదీ సాధారణంగా ఇంగ్లిష్‌లో, మిగులుతోంది. కౌంటరులోని ఆపరేటరు దానిని ‘సర్వర్ లేదు’ అని తెలుగు చేస్తారు. ఆయనకైనా అంతకు మించి తెలిసే వీలు లేదు.

నిజానికి ఆ వాక్యం వెనుక కనీసం ఆరు వేర్వేరు సంగతులు ఉండవచ్చు. ఒకటి, ఆ కేంద్రానికి వచ్చే నెట్ తీగే తెగి ఉండవచ్చు. అలాగైతే పక్క ఊరి కేంద్రంలో పని అవుతుంది. రెండు, రాష్ట్ర స్థాయి సర్వరే నిలిచిపోయి ఉండవచ్చు. అప్పుడు ఎక్కడికి వెళ్లినా ప్రయోజనం లేదు, ఇంటికి పోవడమే ఉత్తమం. మూడు, వేలిముద్రను ఆధార్ వ్యవస్థ గుర్తించకపోవచ్చు. వలలు లాగి, ఉప్పుమడుల్లో పనిచేసి, నాట్లు వేసి గీతలు అరిగిన వేళ్లకు ఇది నిత్యకృత్యం. మరో వేలు, లేదంటే కంటిపాప, ఫోన్‌కు వచ్చే ఓటీపీ ప్రయత్నించాలి. నాలుగు, రుసుము చెల్లింపు మధ్యలో ఆగి ఉండవచ్చు. ఐదు, రికార్డులో పేరుకు, ఆధార్‌లో పేరుకు పొంతన కుదరకపోవచ్చు. ఇంటి పేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉన్నా చాలు. ఆరు, అసలు లోపమే లేకపోవచ్చు. అధికారి డిజిటల్ సంతకం గడువు తీరి ఉండవచ్చు, లేదా దస్త్రం ఆయన వద్దనే పెండింగులో ఉండవచ్చు.

ఈ ఆరింటిలో ఏ రెండింటికీ మందు ఒకటి కాదు. ఐదో కారణంతో వెనుదిరిగిన వ్యక్తి పదిసార్లు తిరిగినా పదిసార్లూ అదే జవాబు వింటాడు. ‘మీ పేరు రికార్డుతో కుదరలేదు, తహసీల్దారు కార్యాలయంలో సవరణకు దరఖాస్తు చేయండి’ అని తెరపై వస్తే మొదటి రోజే పని తేలేది. ఆ వాక్యంలో దొంగకు పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు.

నాలుగో కారణం మరీ బాధాకరమైనది. ఖాతాలో డబ్బు తగ్గుతుంది, రసీదు రాదు. చెల్లింపు విఫలమైన సందర్భాల్లో బ్యాంకులు ఎన్ని రోజుల్లో సొమ్ము తిరిగి జమ చేయాలో రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న జారీ చేసిన ఉత్తర్వు స్పష్టంగా చెబుతోంది. యూపీఐ ద్వారా దుకాణాలు, సంస్థలకు చేసిన చెల్లింపు అయితే లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోగా వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఈ హక్కు ఉందని తెలియక, తెరపై ఆ మాట రాక, చెల్లింపు రెండోసారి చేసి ఊరుకునేవారే ఎక్కువ.

దివిసీమకు బరువెందుకు ఎక్కువ

‘కొంతసేపటి తర్వాత ప్రయత్నించండి’ అన్న మాట విజయవాడలో ఫ్లాటులో కూర్చుని ఫోన్ నొక్కేవారికి చిన్న చిరాకు. ఎదురుమొండి దీవి నుంచి కృష్ణ పాయను పడవపై దాటి ఇవతలి ఒడ్డుకు వచ్చినవారికి అది ఒక రోజు కూలి, రానుపోను ఛార్జీలు. కొంతసేపు అంటే అరగంటా, సాయంత్రమా, రేపా? పడవ వేళను బట్టి నిర్ణయం తీసుకోవలసిన మనిషికి ఆ సందేశం ఏమీ చెప్పదు.

దివిసీమ భూములు కాలువల చివర ఉన్నవి. నీరు ఆలస్యంగా అందుతుంది, నాట్లు ఆలస్యంగా పడతాయి, కాబట్టి ఈ-పంట నమోదు, వేలిముద్ర వేసే ఈ-కేవైసీ కూడా గడువు చివరి రోజులకే చేరుతాయి. ఆ చివరి రోజుల్లోనే సర్వర్‌పై ఒత్తిడి అధికం. ఎగువ రైతుకు సర్వర్ లేకపోతే మరో వారం ఉంటుంది. కోడూరు, నాగాయలంక మండలాల రైతుకు అది ఉండకపోవచ్చు. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం సమీపాన మొంథా తీవ్ర తుపాను తీరం దాటినపుడు, అంతకుముందు 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద మిచాంగ్ తీరం దాటినపుడు కృష్ణా డెల్టాలో వరి నేలకొరిగింది. పంట నష్టం లెక్కకు ఈ-పంట నమోదే ఆధారం. నమోదు జరగలేదంటే పొలంలో నీళ్లు నిలిచినా జాబితాలో పేరు నిలవదు. కౌలు రైతుల సంగతి చెప్పనక్కరలేదు.

గుడివాడ ప్రాంతానిది మరో రకం తొందర. కోత యంత్రం పొలంలో దిగిన తర్వాత ధాన్యం ఆగదు. 2024 నవంబరులో ప్రభుత్వం వాట్సప్ ద్వారానే ధాన్యం అమ్మకానికి తేదీ, సమయం ఎంచుకునే ఏర్పాటు చేసింది. సవ్యంగా నడిచినపుడు అది సౌకర్యమే. ఆకాశం మబ్బు పట్టి, రాశి కళ్లంలో ఉండి, జవాబు రాకపోతే ఆ మౌనానికి అర్థం ఎవరు చెప్పాలి? రిజిస్ట్రేషన్లదీ ఇదే తీరు. 2025 ఫిబ్రవరి 1 నుంచి కొత్త మార్కెట్ విలువలు అమలులోకి వస్తాయనగా అంతకు ముందు రోజుల్లో కార్యాలయాలు కిటకిటలాడాయి. అటువంటి రోజున ఒక పూట ఆగిన దస్తావేజుకు తేడా రూపాయల్లోనే ఉంటుంది.

పదకొండో నంబరు హెచ్చరిక

ఈ విషయంలో బందరుకు ఎవరో పాఠం చెప్పనక్కరలేదు. ఓడరేవులో ఎగరేసే ప్రమాద సూచికలు తరతరాలుగా చేస్తున్నది ఈ పనే. వాతావరణ శాఖ ఓడరేవులకు జారీ చేసే హెచ్చరికలు ఒకటి నుంచి పదకొండు వరకు ఉన్నాయి. వాయుపీడనం ఎంత పడిపోయింది, గాలి ఏ అక్షాంశం వద్ద తిరుగుతోంది, రాడార్ చిత్రం ఏమంటోంది అన్న వివరాలు శాఖ వద్దనే ఉంటాయి. గిలకలదిండి మత్స్యకారుడికి చేరేది ఒక అంకె. ఆ అంకెను బట్టి వేటకు వెళ్లాలో, పడవ ఒడ్డుకు లాగాలో, ఇల్లు విడిచి వెళ్లాలో ఆయనకు తెలుసు. వివరం దాగింది, విషయం చేరింది.

ఇందులో అన్నింటికన్నా చెప్పుకోదగ్గది పదకొండో నంబరు. పదో నంబరు కంటే పెద్ద తుపాను అని చాలామంది అనుకుంటారు గానీ దాని అర్థం అది కాదు. తుపాను హెచ్చరిక కేంద్రంతో సమాచార సంబంధాలు తెగిపోయాయి, ప్రమాదం ఉండవచ్చునని స్థానిక అధికారి భావిస్తున్నారు అని దాని భావం. అంటే, నేటి భాషలో చెప్పాలంటే, ‘సర్వర్ లేదు’ అన్న మాటే. కానీ ఎంత తేడా! సమాచారం లేదన్న సంగతినే ఒక సమాచారంగా, అందరికీ కనిపించే ఎత్తులో, అందరికీ తెలిసిన అంకెతో, జాగ్రత్తపడండన్న సూచనతో సహా చెప్పే ఏర్పాటు అది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో పదివేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయిన దివిసీమకు, తీగలు తెగితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

వెబ్ ప్రపంచంలోనూ అంకెల ఏర్పాటు లేకపోలేదు. పేజీ లేనపుడు 404, సర్వర్ లోపలి తప్పుకు 500, తాత్కాలికంగా సేవ అందించలేనపుడు 503 అన్న సంకేతాలు అంతర్జాతీయంగా స్థిరపడినవే. 503తో పాటు ఎంతసేపటి తర్వాత తిరిగి ప్రయత్నించాలో చెప్పే వెసులుబాటును కూడా ఆ నియమాల్లోనే పొందుపరిచారు. మన సైట్లు దానిని వినియోగించుకుంటే ‘మధ్యాహ్నం మూడు గంటల తర్వాత రండి’ అన్న కాగితాన్ని కేంద్రం తలుపుకు అంటించవచ్చు. ఆధార్ సంస్థ తన ధ్రువీకరణ వ్యవస్థను వాడుకునే ఇంజినీర్లకు దోషాల సంఖ్యలతో జాబితా ఇచ్చింది. వేలిముద్ర సరిపోలకపోతే 300, వ్యక్తే తన బయోమెట్రిక్‌ను తాళం వేసుకుని ఉంటే 330. ఏ అంకెకు ఎదుటి మనిషికి ఏ మాట చెప్పాలో కూడా సూచించింది. కౌంటరు దాకా వచ్చేసరికి ఆ రెండు అంకెలూ ‘సర్వర్ లేదు’లో కలిసిపోతే తప్పు ఆధార్‌ది కాదు, మధ్యలో సాఫ్ట్‌వేర్ రాసినవారిది.

రాసుకోవడం మానరాదు

దాచడంలో మరో ప్రమాదం ఉంది. బయట ప్రపంచంలో ఎంతో ప్రాచుర్యం గల పీహెచ్‌పీ సాఫ్ట్‌వేర్‌లో దోషాలకు రెండు వేర్వేరు మీటలు ఉంటాయి. ఒకటి తెరపై చూపమనేది, రెండోది చిట్టాలో రాసుకోమనేది. ప్రజల ముందున్న సైటులో మొదటిది ఆపి రెండోది తెరిచి ఉంచాలి. రెండూ ఆగిపోతే తప్పు జరిగిన జాడ ఎవరి వద్దా మిగలదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది. దేశంలో సైబర్ భద్రతను పర్యవేక్షించే సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వర్ చిట్టాలను 180 రోజులు భద్రపరచాలి, సైబర్ దాడి వంటి ఘటన తెలిసిన ఆరు గంటల్లో తెలియజేయాలి.

ఇంకొక సంగతి అధికారుల దృష్టికి రావడం లేదు. కొన్ని సైట్లు క్షమాపణ పేజీ చూపుతూనే, యంత్రాల భాషలో మాత్రం 200 అన్న అంకె పంపుతాయి. అంతా సవ్యంగా జరిగిందని దాని అర్థం. సైటు పనితీరును లెక్కగట్టే యంత్రం ఆ అంకెనే నమ్ముతుంది. కలెక్టరేట్ సమీక్షలో పచ్చగీతలు, అవనిగడ్డలో ఎర్రబడిన కళ్లు ఏకకాలంలో సాధ్యమయ్యేది ఇలాగే.

బ్రిటన్ తపాలా శాఖలో జరిగినది ఇక్కడ ప్రస్తావనార్హం. ఫుజిట్సు సంస్థ తయారు చేసిన హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్‌ను 1999 నుంచి అక్కడి తపాలా కార్యాలయాల్లో ప్రవేశపెట్టారు. లెక్కల్లో లేని లోటును అది చూపింది. లోటుకు కౌంటరులో కూర్చున్నవారే బాధ్యులన్నారు. 2015 వరకు 900 మందికి పైగా సబ్ పోస్ట్‌మాస్టర్లు దొంగతనం, తప్పుడు లెక్కల నేరాలపై శిక్ష పడినవారయ్యారు. తెలిసిన దోషాల జాబితా ఒకటి ఫుజిట్సు ఇంజినీర్ల వద్ద ఉండనే ఉంది. అది నిందితులకు గానీ, కోర్టులకు గానీ సకాలంలో చేరలేదు. 2019 డిసెంబరులో లండన్ హైకోర్టు సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని తేల్చింది. 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి శిక్షలను రద్దు చేయవలసి వచ్చింది. మన సచివాలయ ఉద్యోగికో, మీసేవ నిర్వాహకుడికో, రేషన్ డీలరుకో అంతటి అన్యాయం జరిగిందని కాదు. తప్పు ఎక్కడుందో కనిపించనపుడు నింద దగ్గరగా ఉన్నవాడిపై పడుతుందన్నది మాత్రం ఇక్కడా చూస్తున్నదే. ‘డబ్బులివ్వలేదని సర్వర్ లేదంటున్నాడు’ అన్న అనుమానం కౌంటరుకు ఇవతల ఎన్నిసార్లు పుట్టి ఉంటుందో! ఒక్కోసారి అది నిజం కూడా కావచ్చు. తెరపై ఆధారం లేకపోవడం నిజాయితీపరుడికి ఎంత నష్టమో, అడ్డదారి పట్టినవాడికి అంత లాభం.

అర్జీలో ఏమని రాయాలి?

సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీలో ‘సర్వర్ పనిచేయడం లేదు’ అని రాస్తే దానిపై ఏ అధికారీ చేయగలిగింది లేదు. ఏ రోజు, ఏ గంటకు, ఏ సేవకు అన్నది ఉండాలి. దోషం జరిగిన ప్రతిసారీ తెరపై ఒక సంఖ్య ఇచ్చి, అదే సంఖ్యను లోపలి చిట్టాలోని వివరానికి జతచేస్తే సమస్య సగం తీరుతుంది. సంఖ్య చూసి దొంగ ఏమీ తెలుసుకోలేడు, ఇంజినీరు అంతా తెలుసుకోగలడు. రైల్వే రిజర్వేషన్‌కు పీఎన్‌ఆర్ నంబరు ఎలాగో ఇదీ అలాగే. దీనికి కోట్ల ఖర్చు అక్కరలేదు. కొత్త సాఫ్ట్‌వేర్ టెండరు షరతుల్లో ఒక వాక్యం, తెలుగులో రాసిన పది పన్నెండు సందేశాలు చాలు.

అంతవరకు ప్రజలు చేయగలిగినది కొంత ఉంది. దరఖాస్తు నంబరు, వెళ్లిన తేదీ, వేళ రాసుకోవాలి. డబ్బు పోయి ఉంటే బ్యాంకు సందేశంలోని లావాదేవీ సంఖ్యను చెరిపివేయరాదు. తెరను ఫోటో తీయమని ఆపరేటరును అడగవచ్చు. అయితే అర్థం కాని ఇంగ్లిష్ వరుసలతో నిండిన పేజీ కనిపిస్తే ఆ ఫోటోను వాట్సప్ గ్రూపుల్లో పెట్టడం మంచిది కాదు. అందులో ఏముందో మనకు తెలియదు, తెలిసినవారు గ్రూపులో ఉండవచ్చు. నేరుగా సంబంధిత అధికారికి చూపాలి.

2025 జనవరి 30న ప్రారంభమైన ‘మన మిత్ర’తో తొలి విడతలో 161 సేవలు వాట్సప్‌లోకి వచ్చాయి. మీసేవ కేంద్రంలో కనీసం ‘రేపు రండి బాబాయ్’ అనే మనిషి ఉంటాడు. ఫోన్‌లో ఆ మనిషీ ఉండడు. నాగాయలంకలో పడవ కోసం ఎదురుచూస్తూ ఫోన్ నొక్కిన రైతుకు పని కాకపోతే ఆ తెరపై ఏ తెలుగు వాక్యం రావాలన్నది సేవల సంఖ్యను పెంచేటపుడే నిర్ణయించవలసి ఉంది.